అడిమనై వాడగై (గుడి నేల అద్దె) నోటీసు పట్టుకుని చెన్నై తంబు చెట్టి స్ట్రీట్ వకీలు దగ్గరికి వెళ్ళాం – 4 స్టార్లు, అయిదోది ఎందుకు ఇవ్వలేదో కింద రాశా

ముందే చెప్తున్నా పెద్ద రివ్యూ ఇది, ఓపిక లేనివాళ్ళు స్టార్లు చూసి వెళ్ళిపోండి. కానీ చెన్నైలో గుడి స్థలంలో ఇల్లున్న మన తెలుగువాళ్ళు చూళైలో, పురసవాక్కంలో, జార్జ్ టౌన్‌లో చాలామందే ఉన్నారు, వాళ్ళు మాత్రం పూర్తిగా చదవండి, ఎందుకంటే మేం 26 రోజులు తెలీక వేస్ట్ చేశాం, మీరు చెయ్యకండి.

మాది చూళై. మా తాత నెల్లూరు నించి వచ్చి అర గ్రౌండు స్థలంలో పెంకుటిల్లు వేసుకున్నాడు, తర్వాత నాన్న దాన్నే డాబా చేశాడు. (బయటి ఊరివాళ్ళకి, చెన్నైలో గ్రౌండు అంటే 2400 చదరపు అడుగులు, మాది 1200.) నేల మాది కాదు, ఒక గుడిది. గోడలు, పైకప్పు, బోరు, మెట్ల కింద బాత్రూం అన్నీ మావి, కింద మట్టి మాత్రం స్వామిది. ఆ మట్టికి నెలనెలా కట్టేదే అడిమనై వాడగై. మా ఇంట్లో ఎవరూ దానికి తెలుగు మాట వాడం, చిన్నప్పటి నించీ "అడిమనై కట్టావా" అనే వింటూ పెరిగాం.

తాత క్రమం తప్పకుండా కట్టేవాడు, రసీదులు అన్నీ ఇనప చువ్వకి గుచ్చి వంటింటి గోడకి తగిలించేవాడు. నాన్న కూడా 2016 దాకా కట్టాడు, నెలకి 410. ఆ ఏడు గుడి ఆఫీసులో ఎవరో గుమాస్తా "ఇక మీద అద్దె పది రెట్లు అవుతుంది సార్" అని నోటిమాటగా అన్నాడంట, నాన్నకి కోపం వచ్చి "కాగితం మీద రాసివ్వండి అప్పుడు కడతా" అని వచ్చేశాడు, వాళ్ళు రాయలేదు, ఈయన కట్టలేదు. అమ్మ మాత్రం అప్పుడప్పుడూ "సివన్ సొత్తు కుల నాసం అంటారండీ" (శివుడి సొత్తు తింటే వంశం నాశనం) అని గొణిగేది, అరవంలో ఆ సామెత తెలియని ముసలమ్మ ఉండదు ఇక్కడ. నాన్న "వాళ్ళు అడగలేదు కదే" అనేవాడు. అడగలేదు అనే ఒక్క మాట మీద తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి, మధ్యలో నాన్న కూడా పోయాడు.

పోయినేడు జూలైలో కాగితం వచ్చింది. నేను ఆఫీసులో ఉన్నా, అమ్మ సంతకం పెట్టి తీసుకుని, గుడి నించి వచ్చిన కవరు కదా అని దేవుడి పటం వెనక పెట్టేసింది!! పందొమ్మిదో రోజు పటం తుడుస్తుంటే కింద పడింది. అద్దె సవరించామని, 2016 జూలై నించి లెక్క అని, మొదటి మూడేళ్ళు నెలకి 5000, తర్వాత మూడేళ్ళు 5750, తర్వాత మూడేళ్ళు 6612, మొత్తం బాకీ 6,25,032 రూపాయలు. ఆ చివర 32 కూడా వదల్లేదు. కట్టకపోతే లీజు రద్దు చేసి 78 సెక్షన్ కింద చర్య అని ఆఖర్న ఒక లైను. నేను డబ్బు అంకె చూసి ఏడ్చా. చూడాల్సింది ఆ ఆఖరి లైను అని నాకప్పుడు తెలీదు.

మొదట వెళ్ళింది ఈ వకీలు దగ్గరికి కాదు. మా వీధిలో ఒకాయన ప్రాపర్టీ కన్సల్టెంట్ అని బోర్డు పెట్టుకున్నాడు, పేరు రాయను. ఆయన కాగితం పూర్తిగా చదవకుండానే "అమ్మా ఇది పాత బ్రిటిష్ చట్టం ఉంది, మీరు 60 ఏళ్ళుగా ఉన్నారు, స్థలం మీ పేరుకే రాయించేస్తాం, పట్టా కూడా వస్తుంది, మూడు లక్షలు అవుతుంది, ఇప్పుడు యాభై వేలు ఇవ్వండి, అద్దె మాత్రం ఒక్క పైసా కట్టొద్దు, కడితే ఒప్పుకున్నట్టు అవుతుంది" అన్నాడు. అన్నయ్య బెంగళూరు నించి ఫోన్‌లోనే సరే అనేశాడు, నేను ఏటీఎం దాకా వెళ్ళా కూడా. అమ్మే ఆపింది, "చదవకుండా మాట్లాడినోడికి డబ్బులేంటి" అని. అయినా ఆలోచించుకోడానికే ఇంకో వారం పోయింది.

ఆఫీసులో ఒకమ్మాయి వాళ్ళ మామయ్య చెప్తే ఈ వకీలు గారి నంబర్ దొరికింది. వకీళ్ళు మన దేశంలో ప్రకటనలు ఇచ్చుకోకూడదు, అందుకే ఆన్‌లైన్‌లో వెతికితే దొరికేది ఎక్కువ ఇలాంటి కన్సల్టెంట్లే, మంచి వకీలు ఎప్పుడూ ఎవరో ఒకరి మామయ్యకే తెలుస్తాడు.

ఆఫీసు తంబు చెట్టి స్ట్రీట్‌లో, హైకోర్టు మెట్రోలో దిగి నడిస్తే చాలు, బండి మాత్రం తేవద్దు. పాత బిల్డింగ్ రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు, అమ్మని మెట్లు ఎక్కించడానికి పది నిమిషాలు పట్టింది. సాయంత్రం 5 కి రమ్మన్నారు, 7 కి పిలిచారు. కూర్చోడానికి మూడు కుర్చీలు, వచ్చినవాళ్ళు పదకొండు మంది, మిగతావాళ్ళం మెట్ల మీద. బాత్రూం అడిగితే కింద హోటల్‌కి వెళ్ళమన్నారు. ఇదే మొదటి అర స్టారు కోత.

లోపలికి వెళ్ళాక మాత్రం వేరే. ఆయన నెల్లూరు యాసలోనే "రాండమ్మా కూర్చోండి" అన్నారు, కాగితం తీసుకుని మొదటి పేజీ నించి ఆఖరి పేజీ దాకా నోరు తెరవకుండా చదివారు, చదివాక అడిగిన మొదటి ప్రశ్న డబ్బు గురించి కాదు, "ఇది మీ చేతికి ఏ రోజు వచ్చింది?" అని. అమ్మ తేదీ చెప్పింది. ఆయన వేళ్ళ మీద లెక్కేసి "ఈ రోజు 26. ఇంకా నాలుగు రోజులుంది. దేవుడు మీ వైపే ఉన్నాడు, కేసులో ఎదుటి పార్టీ ఆయనే అయినా" అన్నారు. అమ్మ ఆ రోజే ఆయనకి అభిమాని అయిపోయింది.

విషయం ఏంటంటే తమిళనాడులో గుళ్ళ ఆస్తులన్నీ 1959 నాటి హిందూ ధర్మాదాయ చట్టం కింద ఉంటాయి, అరనిలయత్తురై అంటారు కదా ఆ శాఖ. అందులో 34ఏ అనే సెక్షన్ ప్రకారం అద్దె ఎంతో ఒక కమిటీ నిర్ణయిస్తుంది, జాయింట్ కమిషనర్, గుడి ఈవో లేక ధర్మకర్త, జిల్లా రిజిస్ట్రార్ ఉంటారు, బయట మార్కెట్ అద్దె చూసి వేస్తారు, మూడేళ్ళకోసారి మళ్ళీ వేస్తారు. అది మనకి ఎక్కువ అనిపిస్తే 30 రోజుల్లో కమిషనర్‌కి అప్పీల్, అక్కడా కుదరకపోతే 90 రోజుల్లో హైకోర్టు. ఆ 30 రోజుల్లో మావి 26 దేవుడి పటం వెనకా, కన్సల్టెంట్ గారి సోఫా మీదా పోయాయి.

తర్వాత నేను బ్రిటిష్ చట్టం గురించి అడిగా. ఆయన నవ్వలేదు, ఆ కన్సల్టెంట్‌ని తిట్టలేదు కూడా. అలాంటి చట్టం నిజంగానే ఉంది, మద్రాస్ సిటీ టెనెంట్స్ ప్రొటెక్షన్ యాక్ట్, 1921 ది. వేరేవాళ్ళ నేల మీద ఇల్లు కట్టుకున్న పాత అద్దెదారుని ఊరికే వెళ్ళగొట్టకూడదు, మూడు నెలల నోటీసు ఇవ్వాలి, ఇంటి విలువ కట్టివ్వాలి, ఇంకా 9 వ సెక్షన్ కింద ఆ నేలని మనకే అమ్మమని కోర్టుని అడగొచ్చు. కానీ 1996 లో సవరణ తెచ్చి గుళ్ళు, మసీదులు, చర్చిల భూముల్ని అందులోంచి తీసేశారు. మైలాపూర్ క్లబ్ వాళ్ళు సుప్రీం కోర్టు దాకా వెళ్తే 2005 లో ఆ సవరణ చెల్లుతుందనే తీర్పు వచ్చింది. "క్లబ్బుకే దొరకని నేల మీకు మూడు లక్షలకి దొరుకుతుందా అమ్మా" అన్నారు. అంటే ఆ కన్సల్టెంట్ చెప్పిన చట్టం అబద్ధం కాదు, మాకు వర్తించదు అంతే, నాకైతే అబద్ధం కన్నా అదే ప్రమాదం అనిపించింది, నెట్‌లో వెతికితే చట్టం కనిపిస్తుంది, నమ్మేస్తాం.

(మీ నేల గుడిది కాకుండా ఎవరో మనిషిది అయితే, పాత అద్దె అయితే, ఆ 9 వ సెక్షన్ మీకు పనికిరావొచ్చు, కానీ కోర్టు సమన్లు అందిన నెల లోపల అప్లికేషన్ వెయ్యాలంట. మేం మెట్ల మీద కూర్చున్నప్పుడు పక్కనున్న పెద్దాయన ఆ నెల దాటించేసి వచ్చారు పాపం.)

ఇప్పుడు అసలు సంగతి, నేను రివ్యూ రాస్తున్నదే దీనికోసం. నేను అడిగా, "సార్, అద్దె కట్టకపోతే ఏమవుతుంది, వడ్డీతో కడతాం, అంతే కదా?" ఆయన కాగితంలో ఆ ఆఖరి లైను కింద పెన్సిల్‌తో గీత గీశారు. మామూలు ఓనర్ అయితే అద్దె కట్టలేదని కోర్టులో కేసు వెయ్యాలి, సివిల్ కోర్టు, ఏళ్ళు పడుతుంది, అక్కడ కూడా 1882 ఆస్తి బదలాయింపు చట్టంలో 114 సెక్షన్ ఉంది, విచారణ రోజున బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తే జడ్జి గారు లీజు పోకుండా కాపాడొచ్చు, కాపాడాలని లేదు, కాపాడొచ్చు. గుడి నేలకి దారి వేరే. లీజు రద్దు అయిన మరుక్షణం నించి చట్టం దృష్టిలో మనం అద్దెదారులం కాదు, ఆక్రమణదారులం. 78 సెక్షన్‌లో ఆక్రమణదారు అంటే ఎవరో రాసుంది, లీజు గడువు అయిపోయాకో రద్దయ్యాకో ఇంకా అక్కడే ఉన్నవాడు కూడా అందులోకే వస్తాడు. అప్పుడు సివిల్ కోర్టు కాదు, జాయింట్ కమిషనరే విచారించి ఖాళీ చెయ్యమని ఆర్డర్ ఇస్తారు. మూడు తరాలుగా ఉన్నాం, గోడలు మావి, కరెంట్ బిల్లు మాది, ఇవేవీ పనికిరావు, ఎందుకంటే ఎన్నేళ్ళు కూర్చున్నా గుడి నేల మీద హక్కు పుట్టదు, కాలదోషం అనేది గుడి ఆస్తికి పట్టదని 109 సెక్షన్‌లోనే ఉంది. బాకీ డబ్బుని భూమి శిస్తు బాకీలాగా వసూలు చేసుకునే దారి కూడా వాళ్ళకుంది.

"మీరు 6 లక్షల గురించి భయపడుతున్నారు, నేను ఒక్క మాట గురించి భయపడుతున్నా. రసీదు మీద అద్దెదారు అని ఉన్నంత కాలం మీరు బేరం ఆడొచ్చు. ఆ మాట పోయాక ఆడలేరు" అన్నారు.

అమ్మ అప్పుడు నాన్న మాటే అడిగింది, "వాళ్ళు అడగలేదు కదండీ ఇన్నేళ్ళు" అని. నాకు వెంటనే మా పిన్ని కొడుకు గుర్తొచ్చాడు, వాడు ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొన్నాడు, అక్కడ కూడా గ్రౌండ్ రెంట్ అని ఇదే గొడవ ఉంది, 99 ఏళ్ళు 125 ఏళ్ళు లీజులు, నేల ఇంకెవరిదో. వాడు ఒకసారి చెప్పాడు, అక్కడ 2002 చట్టం ప్రకారం నేల ఓనర్ పద్ధతి ప్రకారం నోటీసు పంపి అడిగితేనే కట్టాలి, అడగకపోతే బాకీయే కాదు, బాకీ 350 పౌండ్లు దాటితే గానీ, లేదా మూడేళ్ళకి మించి కట్టకపోతే గానీ లీజు లాక్కోడానికి కోర్టుకి వెళ్ళకూడదు. 2022 జూన్ 30 నించి కొత్తగా రాసే లీజుల్లో అయితే అద్దే లేదంట, చట్టంలో అచ్చంగా ఏడాదికి ఒక మిరియపు గింజ అని రాశారంట. ఇది చెప్తే వకీలు గారు మొదటిసారి నవ్వారు, "మీ నాన్నగారి వాదన అక్కడ గెలిచేదమ్మా, చూళైలో గెలవదు. ఇక్కడ అద్దె టైముకి తీసుకెళ్ళి ఇవ్వడం అద్దెదారు పని" అన్నారు. అమ్మ ఇంటికొచ్చాక కూడా మిరియం గింజ మిరియం గింజ అని రెండు రోజులు నవ్వింది, చారులో వేసేటప్పుడు "ఇది ఎన్నేళ్ళ అద్దె" అని ఒకటే గోల.

మూడేళ్ళు దాటిన బాకీ అడగకూడదు కదా అని కూడా అడిగా, అది ఎక్కడో చదివా. మామూలుగా అద్దె బాకీకి దావా వెయ్యడానికి మూడేళ్ళే గడువు, నిజమే. ఆయన "ఆ వాదన పెడదాం, కానీ దాని మీద ఇల్లు పెట్టుకోవద్దు, డబ్బు వసూలు చేసుకోలేకపోయినా కట్టలేదు అనే కారణం అయితే అలాగే ఉంటుంది, లీజు రద్దుకి వాళ్ళకి అది చాలు" అన్నారు.

ఆ రాత్రి ఆయన చెప్పిన పని ఏంటో తెలుసా, ముందు డబ్బు కట్టమని. వాళ్ళు వేసిన అద్దె గుడి ఖాతాలో కట్టిన రుజువు జతచేస్తేనే అప్పీల్ తీసుకుంటారంట, అందుకని ఆ మొత్తానికి డీడీ తీసి, "కొత్త అద్దె మీద అప్పీల్ చేస్తున్నాం, ఆ హక్కు వదులుకోకుండా ఇది కడుతున్నాం" అని ఉత్తరం రాసి, నేరుగా ఇచ్చి సీలు వేయించుకోండి, తీసుకోకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపండి, తీసుకోకుండా తిప్పి పంపినా ఆ కవరు చింపొద్దు, అదే మన సాక్ష్యం అన్నారు. కట్టొద్దు అన్న కన్సల్టెంట్‌కి యాభై వేలు ఇవ్వబోయా, కట్టమన్న ఈయన ఆ రోజు తీసుకుంది 2000.

తర్వాత రోజు జూనియర్ అమ్మాయి టేపు పట్టుకుని ఇంటికి వచ్చింది. ఇది మేం ఎవరం ఊహించలేదు. ఆర్డర్‌లో స్థలం 1480 అడుగులు అని ఉంది, మాది 1200. మిగతా 280 ఏంటంటే మా ఇంటికీ పక్కింటికీ మధ్య సందు, నాలుగు ఇళ్ళవాళ్ళు నడిచే సందు, దానికి కూడా మమ్మల్నే అద్దె కట్టమన్నారు! ఇంకోటి, ముందు గదిలో నాన్న బతికున్నప్పుడు రెండేళ్ళు టైలర్ షాపు ఉండేది, దాన్ని పట్టుకుని మొత్తం స్థలాన్ని వ్యాపారం కింద లెక్కేశారు, షాపు మూసేసి ఎన్నాళ్ళో అయింది. ఈ రెండు పాయింట్లే అప్పీల్‌లో మెయిన్. 29 వ రోజు నుంగంబాక్కంలో కమిషనర్ ఆఫీసులో వేశారు.

పేరు మార్పిడి తల నొప్పి వేరే. రసీదులు ఇప్పటికీ తాత పేరు మీదే ఉన్నాయి. మనకి ఇంటిపేరు ముందు పెడతారు, ఇక్కడ తండ్రి పేరు ఇనిషియల్, దాంతో తాతకి ఒక ఇనిషియల్, నాన్నకి స్కూల్లో వేసిన ఇంకో ఇనిషియల్, నాకు మూడోది, చూసేవాళ్ళకి ముగ్గురం ముగ్గురు పరాయివాళ్ళం. తహసీల్దార్ దగ్గర వారిసు (వారసుల) సర్టిఫికెట్, దానికో అఫిడవిట్. ఇందులో జూనియర్ తాత పేరు తప్పు టైప్ చేసింది, మళ్ళీ స్టాంప్ పేపరు, మళ్ళీ నోటరీ, ఖర్చు మాదే. సారీ చెప్పింది కానీ డబ్బు తగ్గించలేదు. ఇంకో పావు స్టారు పోయింది.

ఫీజు: మొదటి సలహా 2000, అప్పీల్‌కి 25,000 రెండు విడతలుగా, రసీదు అడిగితే ఇచ్చారు. పైన జిరాక్స్, టైపింగ్, "ఆఫీసు ఖర్చు" అని గుమాస్తా 300, 500 అడుగుతూనే ఉంటాడు, లెక్క చెప్పడు. వకీలు గారికి చెప్తే మందలించారు, తర్వాతి వారం మళ్ళీ అడిగాడు. మిగతా పావు స్టారు ఈ గుమాస్తా ఖాతాలో. వకీలు గారు ఫోన్ తీయరు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడితే రాత్రి 11 కి జవాబు వస్తుంది, కానీ వస్తుంది.

అప్పీల్ ఇంకా నడుస్తోంది, గెలిచాం అని చెప్పడానికి రాయట్లేదు. ఒక హియరింగ్ అయింది, సందు కొలతలు మళ్ళీ చూడమన్నారు. ఆ డీడీ గుడి ఆఫీసులో తీసుకున్నారు, సీలు వేసిన ఉత్తరం కాపీ అమ్మ దేవుడి పటం ముందు పెట్టింది, ఈసారి వెనక కాదు. నెలనెలా ఆన్‌లైన్‌లో కడుతున్నా, కంప్యూటర్ రసీదు వస్తుంది, దాని మీద తాత పేరు చూస్తే నవ్వూ వస్తుంది, కాస్త ధైర్యంగానూ ఉంటుంది. అన్నయ్య ఇప్పటికీ "ఇల్లు అమ్మేసి బయటపడదాం" అంటాడు, ఎవరు కొంటారు అన్నయ్యా, నేల లేని ఇంటి మీద బ్యాంకువాడు లోన్ ఇవ్వడు, గుడి ఒప్పుకోకుండా లీజు వేరేవాళ్ళ పేరుకి మారదు.

వెళ్ళాలనుకునేవాళ్ళు 5 అని చెప్పినా 6:30 కి వెళ్ళండి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి, వెళ్ళేముందు కింద కాఫీ తాగి బాత్రూం పని చూసుకోండి. కవరు మీద మీకు అందిన తేదీ రాసుకుని వెళ్ళండి. రసీదులు తేదీల వరసలో జిరాక్స్ తీసుకెళ్ళండి, నేను తాత చువ్వతో సహా సంచీలో పట్టుకెళ్తే మెట్రోలో సెక్యూరిటీ ఆపి పావుగంట నిలబెట్టింది, పైగా చువ్వ సరిగ్గా తేదీల మీదే దిగింది, వకీలు గారు ఒక్కో చిల్లునీ లైటుకి ఎత్తి చూసి సంవత్సరం చెప్పాల్సి వచ్చింది.